నడుమెత్తు

ఈ బల్లకి తల దగ్గర ఒక కంత ఉంది. అందులో మొహం పెట్టి బోర్లా పడుకోవాలి. పడుకుంటే ఇక లోకమంతా జానెడు నేలే. రెండు పలకల మధ్య సిమెంటు గీత, ఒక పలకకి విరిగిన మూల, ఎవరి జడలోంచో జారిపోయిన నల్ల క్లిప్పు. ఆరు వారాలుగా, వారానికి మూడు రోజులు, ఈ జానెడు నేలనే చూస్తున్నాను. ఆ క్లిప్పు మొదటి రోజు నుంచీ అక్కడే ఉంది. ఊడ్చేవాళ్ళెవరూ ఈ కంతలోంచి చూడరు కాబట్టి దాన్ని కదిపే దిక్కు లేదు. నా నడుం మీద వేడి సంచి పెట్టి, పైన తువ్వాలు కప్పి, "ఇరవై నిమిషాలమ్మా, నిద్రపోకండి," అని చెప్పి లెక్కల పంతులమ్మ పక్క బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆ పేరు నేను పెట్టిందే. వ్యాయామాలు చేయించే పిల్ల. ఏది చేయించినా ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెడుతుంది, తొమ్మిది దాకా బాగానే వచ్చి పదిని మాత్రం రబ్బరులా సాగదీస్తుంది. పదకొండింటికి పెద్ద డాక్టరు వస్తాడు. నా కుడికాలి బొటనవేలి మీద తన వేలు ఆనించి, పైకి లేపమంటాడు. అది లేస్తే నా పని గది నాది. లేవకపోతే సోమవారం పొద్దున ఆపరేషను, గదేమో మా తమ్ముడి షోరూము. ఇంత పెద్ద తగాదా తీర్చేది ఒక బొటనవేలు. మా ఇంట్లో పెద్దమనుషులకి అంత కరువొచ్చింది మరి.

తమ్ముడు బయటే ఉన్నాడు. తలుపు అవతల వాడి చెప్పుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. కూర్చుంటాడు, లేస్తాడు, నాలుగడుగులు వేస్తాడు, మళ్ళీ కూర్చుంటాడు. ఒళ్ళో నా ఫైలు, ఫైల్లో ఆపరేషనుకి చేర్చుకునే కాగితం. నన్నడక్కుండా ముందే నింపి పెట్టుకున్నాడు మహానుభావుడు. పేరు, వయసు సరే. 'చేసే పని' అన్నచోట ఏం రాశాడో తెలుసా? గృహిణి! పెళ్ళే చేసుకోని మనిషిని ఒక్క కలం పోటుతో గృహిణిని చేసేశాడు. ముప్పై ఆరేళ్ళుగా దబ్బనం పట్టిన చేతులివి. ఈ ఊళ్ళో సగం మంది నేను కుట్టిన పరుపుల మీదే నిద్రపోయారు, పోట్లాడుకున్నారు, పిల్లల్ని కన్నారు. ఆ కాగితం చదివాక దారి పొడుగునా వాడితో మాట్లాడలేదు. వాడి చొక్కా జేబులో కొలతల టేపు కనబడితే మాత్రం ఉండబట్టలేక, ఆసుపత్రికి టేపెందుకురా అన్నాను. జేబు మీద చెయ్యి కప్పుకున్నాడు. నాకు తెలియదా? ఇక్కణ్ణించి అటే వెళ్ళి నా గది గోడలు కొలవాలి, ఫోము పరుపులు నిలబెట్టే అరలు ఎక్కడ పడతాయో చూడాలి. మధ్యాహ్నం ఫోము కంపెనీ మనిషి వస్తాడు. "నేను చెడ్డవాణ్ణి కాదక్కా. నువ్వు మంచాన పడితే చూడలేను," అన్నాడు, కారు అద్దంలోంచి బయటికి చూస్తూ. చెడ్డవాడు కాదు. అక్కడే వచ్చింది చిక్కంతా. చెడ్డవాడైతే ఏనాడో దులిపి ఆరేసేదాన్ని. డాక్టరు తగ్గిందంటే గది జోలికి రానని, తగ్గలేదంటే తను చెప్పినట్టు వినాలని ఒప్పందం చేసుకున్నాం. చిన్నప్పుడు చింతగింజలాటలో కూడా వాడు ఒప్పందం లేకుండా ఆడేవాడు కాదు.

లే. లేవవే. పాదాలు బల్ల అంచు దాటి వేలాడుతున్నాయి, ఎవరికీ తెలియకుండా బొటనవేలితో మంతనాలాడుతున్నాను. బోర్లా పడుకుంటే దాని మొహం నాకు కనబడదు. అది నిజంగా లేచిందో, లేచానని నాతో అబద్ధమాడుతోందో చెప్పలేను. మొదటి రోజు ఎడమది ఠక్కున లేచి డాక్టరు వేలిని తోసిపారేసింది. కుడిది కొంచెం కదిలి, బడికి పోనని మారాం చేసే పిల్లలా వాలిపోయింది. "కొద్దిగా నీరసం ఉంది," అన్నాడాయన. నీరసపడే హక్కు నా ఒంట్లో ఏ భాగానికీ లేదు, నేనివ్వలేదు. ఒక్క తిరగేతతో వచ్చింది ఇదంతా. దూది నిండిన డబుల్ పరుపుని తిరగేయాలంటే ఇద్దరుండాలి. తలవైపు మనిషి 'ఎత్తు' అనాలి, కాళ్ళవైపు మనిషి 'ఎత్తా' అని జవాబివ్వాలి. ఆ జవాబు రాకుండా పరుపు ముట్టుకోకూడదు, అది అమ్మ పెట్టిన చట్టం. ఆ రోజు తమ్ముడు కౌంటరు దగ్గర ఆ ఫోము వాడితోనే ఫోన్లో ఇకఇకలు పకపకలు. రెండుసార్లు పిలిచాను. మూడోసారి పిలవడానికి నాకు పౌరుషం అడ్డొచ్చింది. ఎత్తు అనీ నేనే, ఎత్తా అనీ నేనే. పరుపు తిరిగింది. నడుంలో ఏదో కలుక్కుమంది, అక్కణ్ణించి పిర్ర మీదుగా, తొడ వెనకగా, పిక్క పక్కగా, బొటనవేలి దాకా నిప్పుగీత గీసినట్టయింది. కిందపడిపోలేదు. ఆ పరుపు మీదే బోర్లా పడ్డాను, అంతవరకూ అదృష్టవంతురాలినే.

ఇక చూడాలి, ఊరంతా వైద్యులే. ఎదురింటావిడ పసుప్పచ్చ లేపనం పట్టుకొచ్చింది, రాస్తే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి గాని నడుంకి ఆ సంగతే తెలియలేదు. మరదలు బెల్టు కొనుక్కొచ్చి నన్ను మూటలా బిగించింది. పాత ఖాతాదారు ఒకాయన, ఆరేళ్ళ మనవణ్ణి నా వీపు మీద నడిపిస్తానన్నాడు. నీ మనవడు నడిస్తే లేచి వాడి చెవి మెలేస్తానన్నాను. కాలు పట్టి లాగేవాడు ఒకడొచ్చి, ఠక్కుమని చప్పుడొచ్చేలా లాగి, ఆ చప్పుడే రోగం పోయిన చప్పుడని చెప్పి వెళ్ళాడు. మర్నాడు నేను గోడ పట్టుకుని నడిచాను. సన్న సూదులు గుచ్చేవాడి దగ్గరికీ వెళ్ళాను. వాడి సూదులు చూస్తే నవ్వొచ్చింది, నా దబ్బనం చూపిస్తే చొక్కా వదిలేసి పారిపోయేలా ఉన్నాడు. అబద్ధం ఎందుకు, వాడు గుచ్చాక రెండు రోజులు హాయిగానే ఉంది. మూడో రోజు మళ్ళీ మొదటికొచ్చింది. తలా ఒక మాట, తలా ఒక మందు. ఎవరి మాటైనా నమ్ముదును గాని, చెప్పిన ప్రతివాళ్ళూ చివర్న ఒక తోక తగిలించేవాళ్ళు. "వయసొచ్చింది కదా, ఇక ఆ పని మానెయ్." యాభై నాలుగు! వయసొచ్చిందట. వస్తే రానీ, ఓ పక్కన కూర్చోమను, నా పని నన్ను చేసుకోనీమను.

నా తెలివి మాత్రం తక్కువా? అందరి మందులూ అయ్యాక నా మందు నేను తయారుచేసుకున్నాను. ముప్పై ఆరేళ్ళుగా కొనేవాళ్ళకి చెబుతున్న మాటే. మంచి పరుపు మీద నడుం వాల్చండి, అన్నీ అవే సర్దుకుంటాయి. అమ్మ చెప్పింది, నేను చెప్పాను, చెప్పీ చెప్పీ నేనే నమ్మాను. నడుం నొప్పికి నాలుగు రోజులు నడుం వంచి పరుపు కుట్టాను! నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, మధ్యమధ్య పళ్ళు బిగబట్టి, రెండుసార్లు ఏకించిన దూది పొరలు పొరలుగా పరిచి, కర్రతో తట్టి, మైనం పూసిన దారంతో జానెడుకో బొత్తం బిగించి, అంచులు చేత్తో మడిచి గట్టి కుట్టు వేసి. నా జన్మలో అంత మంచి పరుపు కుట్టలేదు. మూలలు చూస్తే రాతితో చెక్కినట్టుంటాయి. దాని మీద మూడు వారాలు పడుకున్నాను, స్నానానికీ తిండికీ తప్ప లేవకుండా. మూడు వారాలయ్యేసరికి లేవబోతే కాళ్ళు నావి కావు. నిలబడితే గోడలు తిరిగాయి. నొప్పి అలాగే ఉంది, అదనంగా చేవ చచ్చింది. ఎవరు తవ్వుకున్న గోతిలో వాళ్ళే పడతారంటారు. నేను కాస్త మర్యాదగా, దూది పరుచుకుని మరీ పడ్డాను. ఆ రోజు ఏడ్చాను. నొప్పికి కాదు. ఎంతమందికి ఆ మాట చెప్పి పంపానో తలుచుకుని ఏడ్చాను.

అప్పుడు తమ్ముడే తీసుకొచ్చాడు ఇక్కడికి. స్కాను పటం వెలుగు పెట్టెకి తగిలించి పెద్ద డాక్టరు చూపించాడు. వెన్నుపూసల మధ్య మెత్తలుంటాయట, కింద నుంచి రెండోది బయటికి పొడుచుకొచ్చి పక్క నరాన్ని నొక్కుతోందట. ఇంకెవరికైనా అర్థమయిందో లేదో గాని నాకు వెంటనే అర్థమయింది. అంచు కుట్టు ఊడిన చోట దూది ఉబ్బి బయటికొస్తే ఎలా ఉంటుందో నాకు తెలియదా? దూదైతే లోపలికి తోసి కుడతాను, ఇది ఎలా అన్నాను. ఆయన నవ్వాడు. "చాలామందికి ఒళ్ళే మెల్లగా సర్దుకుంటుందమ్మా. కత్తి లేకుండానే. ఆరు వారాలు చూద్దాం. నొప్పికి కొన్ని రోజులు మాత్రలు, వేడి కాపడం, వ్యాయామం, నడక. మరీ ఓర్చుకోలేకపోతే వెన్నులో ఒక ఇంజక్షన్ ఉంది. దాని తర్వాతే కత్తి మాట." అని, వేలు చూపించి మరీ చెప్పాడు, "వేలు ఇంకా నీరసపడినా, ఒంటేలు పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా మాత్రం వాదన పెట్టుకోకూడదు. ఆ క్షణమే రావాలి." ఇంతసేపు చెప్పిన దాంట్లో తమ్ముడి చెవికెక్కింది ఒకే ఒక్క మాట, కత్తి. వాడు భయస్తుడు. భయపడ్డవాడికి పెద్ద మందు చూస్తే ధైర్యం వస్తుంది. నాకు కత్తంటే భయమని ఇంట్లో ప్రచారం చేశాడు. నేను కత్తికి భయపడలేదు. వేలు నిజంగా చచ్చిపడితే నేనే వెళ్ళి ఆ బల్ల మీద పడుకుంటాను, మత్తిచ్చేవాడికి నేనే చెయ్యి చాపుతాను. వేలినింకా అడగక ముందే నా పని అయిపోయిందని తీర్పు చెప్పేసిన వాళ్ళంటేనే నాకు ఒళ్ళుమంట.

వేడి సంచి చల్లారుతోంది. పక్క బల్ల మీద ఎవరో ముసలాయన, "అమ్మా, పది అయిపోయిందిగా," అంటున్నాడు. "ఎనిమిదేనండీ," అంటోంది పంతులమ్మ. ఈ పిల్ల దగ్గర దొంగ లెక్కలు సాగవు. మొదటి రోజు నన్ను బోర్లా పడుకోబెట్టి, మోచేతుల మీద ఛాతీ లేపమంది. ఛాతీ కాదు, ఇల్లు లేపమన్నట్టుంది. పట్టుమని మూడైనా లేపకుండానే ఏడుపు మొహం పెట్టాను. "మీరు పడుకోవడం మానెయ్యాలమ్మా," అంది. పరుపులు కుట్టేదానితో అనే మాటేనా అది? కాని మానేశాను. మొదటి వారం వీధి గేటు దాకా నడిచాను. రెండో వారం పోస్టు డబ్బా దాకా, ఒక పక్కకి ఒరిగి, గాలికి వాలిన కంచెలా. జనం చూశారు, చూస్తే చూడనీ అనుకున్నాను. నొప్పి పాదంలోంచి వెనక్కి తగ్గుతూ, పిక్క వదిలి, పిర్ర దాకా వచ్చి, చివరికి నడుం దగ్గర ముడుచుకు కూర్చుంటే, అది తగ్గే దారని పంతులమ్మ చెప్పింది. కింద నుంచి పైకి ఖాళీ చేస్తుందట, అద్దె కట్టనివాడు సామాను ఒక్కో గదిలోంచీ సర్దుకుంటున్నట్టు. నాలుగో వారం పిక్క వదిలింది. ఆ రోజు తమ్ముడితో చెబితే, "మంచిదక్కా," అన్నాడు గాని, మొహంలో నమ్మకం లేదు. వాడి కళ్ళకి నేను కనబడను. నా వెనక అమ్మ కనబడుతుంది.

అమ్మ నడుం. ఆ మాట అనుకోకూడదనే ఇంతసేపూ క్లిప్పు గురించీ పలక గురించీ మాట్లాడుకున్నాను. అమ్మ నలభై ఏళ్ళు నేల మీద వంగి కుట్టింది. నేల మీద కుట్టిందే పరుపు, బల్ల మీద కుట్టింది బొంత అనేది. నేలయితేనే దూది సమంగా కూర్చుంటుందట, మోకాలి బరువు పడితేనే కుట్టు బిగుస్తుందట. అమ్మ కుట్టు చూస్తే ఆ మాటకి ఎదురు చెప్పబుద్ధి కాదు. యాభై దాటాక ఆమె నడుం ముందుకి వంగడం మొదలైంది, అరవైకి చెప్పులు చూసుకుంటూ నడిచేది. ఎవరితోనైనా మాట్లాడాలంటే మెడ పక్కకి తిప్పి, కోడిపెట్టలా ఒంటికంటితో చూసేది. చంద్రుణ్ణి చూడాలంటే వెల్లకిలా పడుకోవాల్సి వచ్చేది. ఆఖరి రెండేళ్ళు మేమే ఒళ్ళు తిప్పేవాళ్ళం, ఒక పక్క నేనూ ఒక పక్క తమ్ముడూ. ఎత్తు, ఎత్తా. ఆ మాటలే వాడుకునేవాళ్ళం. ఏ డాక్టరుకీ చూపించుకోలేదు, పనిలో వచ్చింది పనిలోనే పోతుందనేది. మొన్న పంతులమ్మ నన్ను అడిగింది, మామూలుగానే, నా కాలు సాగదీస్తూ. "నేల మీదే ఎందుకు కుట్టాలమ్మా? బల్ల ఎత్తుగా ఉంటే నిలబడి కుట్టొచ్చు కదా?" నాకు కోపం నషాళానికంటింది. నీకేం తెలుసే, నిన్నగాక మొన్న పుట్టినదానివి, అన్నాను. ఆ పిల్ల ఏడూ ఎనిమిదీ అని లెక్కపెట్టుకుంటూ పోయింది. ఇంటికెళ్ళి రెండు రోజులు కోపం మేస్తూ కూర్చున్నాను. మూడో రోజు కోపంలో పస అయిపోయి, కింద ప్రశ్న ఒక్కటీ మిగిలింది. ఎందుకు? అమ్మ చెప్పింది కాబట్టి. అమ్మకెవరు చెప్పారు? వాళ్ళమ్మ. ఆవిడ నడుం ఎలా ఉండేదో నేను చూడలేదు, కాని ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫొటోలో ఆవిడ కుర్చీలో కూర్చుని ఉంది, పక్కన అందరూ నిలబడి ఉన్నారు. తమ్ముడికి ఎదురు తిరగడం తేలిక, ఊరికి ఎదురు తిరగడం ఇంకా తేలిక. అమ్మకి ఎదురు తిరగడమే నాకు చేతకాలేదు. నీ కుట్టు నేర్చుకున్నానే అమ్మా, నీ నడుం మాత్రం నాకొద్దు. ఇప్పుడన్నాను. ఈ కంతలోకి, నేలకి వినబడేలా అన్నాను. ముక్కు చివర నుంచి ఒక చుక్క రాలి, సరిగ్గా ఆ క్లిప్పు పక్కన పడింది.

"అమ్మా, నిద్రపోయారా?" తువ్వాలు తీసింది పంతులమ్మ. ఛాతీ లేపమంది. లేపాను. చేతులు నిటారుగా, కడుపు బల్లకి ఆని, తల ఎత్తి ఎదురుగా గోడ గడియారం చూశాను. పదకొండుకి మూడు నిమిషాలు. ఒకటీ రెండూ నుంచి తొమ్మిది దాకా. ఈసారి పదిని నేనే సాగదీశాను, పోటీకి. "చాలమ్మా, చాలు," అని నవ్వింది.

పెద్ద డాక్టరు వచ్చాడు. వెనకే తమ్ముడు, ఫైలు ఛాతీకి హత్తుకుని. వెల్లకిలా తిరిగాను. కాలు మోకాలు వంచకుండా పైకెత్తాడు. ఆరు వారాల కిందట జానెడు లేపేసరికి కేక పెట్టాను, ఇవాళ కాలు గోడ మీది పటం దాకా వెళ్ళింది. తొడ వెనక కాస్త లాగింది, అంతే. తర్వాత ఎడమ బొటనవేలు. తర్వాత కుడిది. ఆయన వేలు దాని మీద ఆనింది. చల్లగా ఉంది. "లేపండి," అన్నాడు. పక్క బల్ల మీద ముసలాయన కూడా లెక్క ఆపేశాడు. లే. నువ్వు లేవకపోయినా నేను లేస్తాను, అది గుర్తుంచుకో. కాని నువ్వు లే. కనబడుతోంది ఇప్పుడు దాని మొహం, గోరు పగిలి, పక్కన కాయ కాసి. అది వణికింది. వణుకుతూనే లేచింది. ఆయన నొక్కాడు, అది దిగలేదు. ఇంకా నొక్కాడు. దిగలేదు.

"నీరసం దాదాపు పోయింది," అన్నాడు డాక్టరు. "ఇంకా కొన్నాళ్ళు వ్యాయామం మానకూడదు. ఆపరేషను అవసరం ఇప్పుడు లేదు." నా పాదం వదిలి, "కాని మళ్ళీ అదే నేల మీద అలాగే వంగి కూర్చుంటే, ఇది మళ్ళీ రాదని నేను హామీ ఇవ్వలేను," అన్నాడు. గెలిచిన సంబరం నోట్లోనే ఉంది, అంతలో తమ్ముడి కళ్ళు మెరిశాయి. కారిడార్లోకి వచ్చామో లేదో పట్టుకున్నాడు. "విన్నావుగా అక్కా? మళ్ళీ కూర్చోవద్దన్నారు. ఆ పని ఇంకెక్కడిది? గది ఊరికే ఉంచుకుని ఏం చేస్తావు, నువ్వే చెప్పు." గొంతులో గెలుపు లేదు, బతిమాలుతున్నాడు. వాడికీ ఏడుపొస్తోందని అప్పుడు చూశాను.

"టేపు తియ్యరా," అన్నాను.

"ఏంటి?"

"జేబులో ఉందిగా. తీసి, నేల నించి నా నడుం దాకా కొలువు."

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. కారిడార్లో నర్సులు అటూ ఇటూ పోతున్నారు, ఒకావిడ చక్రాల కుర్చీ తోసుకుంటూ మమ్మల్ని తప్పుకుని వెళ్ళింది. నేను గోడకి వీపు ఆనించి, మడమలు గోడకి తగిలించి, నిటారుగా నిలబడ్డాను. వాడు పొట్ట అడ్డొస్తుంటే రొప్పుతూ మోకాళ్ళ మీద కూర్చున్నాడు, టేపు మొన నా మడమ దగ్గర బొటనవేలితో నొక్కి పట్టాడు, రెండో చేత్తో పైకి లాగాడు. చిన్నప్పుడు పండక్కి చొక్కా కుట్టించడానికి నేను వాణ్ణి ఇలాగే గోడకి నిలబెట్టి కొలిచేదాన్ని, నా గౌనుకి వాడు నన్ను కొలిచేవాడు, ఇద్దరం కదలకుండా నిలబడలేకపోయేవాళ్ళం. ఇవాళ నేను కదల్లేదు.

"ముప్పై ఏడు," అన్నాడు, పైకి చూడకుండా.

"వడ్రంగికి చెప్పు. గది మధ్యలో బల్ల, డబుల్ పరుపు పట్టేంత, చుట్టూ మనిషి తిరిగేంత చోటు. ఎత్తు ముప్పై ఎనిమిది."

"ముప్పై ఏడే కదక్కా?"

"ఒక అంగుళం ఎక్కువే ఉండనీ. వంగాలన్న ఆలోచన కూడా రాకూడదు. రాసుకో."

కాగితం కోసం జేబులు వెతుక్కున్నాడు. ఫైల్లోంచి ఆ చేర్చుకునే కాగితం నేనే లాగి, వెనక్కి తిప్పి, ఇచ్చాను. నేల మీద మోకాళ్ళ మీదే కూర్చుని, నా కాలి పక్కన కాగితం పెట్టుకుని ముప్పై ఎనిమిది అని రాశాడు. లేవబోయి, నడుం పట్టుకుని, "అబ్బా" అన్నాడు. నేను చెయ్యి చాపాను.

"ఎత్తు," అన్నాను.

వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ రోజు కౌంటరు దగ్గర ఇవ్వని జవాబు ఇప్పుడిచ్చాడు.

"ఎత్తా."